తామర అనుకున్న మచ్చకు ఎనిమిదేళ్లు, వెలుగు పెట్టెలో ఆరు నెలలు – నా అనుభవం

పొదలకూరు నిమ్మకాయల మండీలో ముప్పై ఏళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. వయసు 54. ఒంటి మీద ఏం లేచినా చెమటో, దుమ్మో, నిమ్మరసమో అనుకుని తుడిచేసుకునే అలవాటు మా మండీ వాళ్లందరిదీ. అందుకే నడుం దగ్గర, పంచె కట్టు కింద అరచేతి అంత మచ్చ కనబడినప్పుడు తామర అనుకున్నాను, మా ఆవిడా తామరే అంది, మెడికల్ షాపతను చూడకుండానే తామరని చెప్పి ఒక ట్యూబు చేతిలో పెట్టాడు.

ఆ ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో దురద పోయేది. ఆపితే పది రోజుల్లో మళ్లీ. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని, అది దేన్నైనా కాసేపు అణిచిపెడుతుంది తప్ప తీసేయదని నాకు అప్పుడు తెలియదు. ఇట్టా ఎనిమిదేళ్లు గడిపాను. మధ్యలో ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నాను, ఒకాయన తామర అన్నాడు, ఇంకొకాయన ఎగ్జిమా అన్నాడు, మూడో ఆయన సోరియాసిస్ కావచ్చు అని ఏమీ తేల్చకుండానే ఆరు నెలలకు మందులు రాశాడు. పేర్లు ఎందుకులెండి. మచ్చలు మాత్రం పిరుదుల మీదకి, తొడల లోపలికి, చంకల పక్కకి పాకాయి, కొన్ని పలచగా సిగరెట్ కాగితంలా ముడతలు పడితే కొన్ని దళసరిగా చేతికి తగిలేలా లేచాయి.

పోయిన ఏడాది సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి ఊరుకోలేదు. నెల్లూరులో చర్మ వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. మా అమ్మాయి కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఆమె నన్ను బట్టలు విప్పించి లైటు కింద నిలబెట్టి తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఎనిమిదేళ్లలో నన్ను అట్టా చూసిన మొదటి మనిషి ఆవిడే.

"చేతుల మీద ఒక్కటి కూడా లేదు చూశారా? ముఖం మీద లేదు, మోకాళ్ల కింద లేదు. అన్నీ ఎండ తగలని చోటే ఉన్నాయి. తామరైతే ఇంత మర్యాదగా ఉండదు" అంది.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఏమీ తేలలేదు. నేను సంబరపడ్డాను గానీ ఆమె పడలేదు. నెల రోజులు ఏ ట్యూబూ రాయొద్దని చెప్పి (ఆ నెల నేను పడ్డ దురద పగవాడికి కూడా వద్దు), రెండు చోట్ల నుంచి మళ్లీ ముక్కలు తీసి ప్రత్యేకమైన రంగులు వేసి చూసే పరీక్షకు పంపింది. ఈసారి వచ్చిన పేరు మైకోసిస్ ఫంగాయిడిస్.

ఫంగస్ అనే మాట వినబడగానే హమ్మయ్య అనుకున్నాను. "పేరులో ఫంగస్ ఉంది గానీ జబ్బులో లేదండీ" అంది ఆమె. 1806లో ఫ్రాన్సులో అలిబెర్ అనే డాక్టరు ఒక రోగి ఒంటి మీద గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని చూసి వర్ణించాడట, ఆ పోలికే పేరులో మిగిలిపోయింది. అసలు సంగతి వేరు. మన ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో టీ-కణాలని ఒక రకం ఉంటాయి, అవి అదుపు తప్పి చర్మంలో కాపురం పెట్టి పెరుగుతాయి. అంటే లింఫోమా. అంటే క్యాన్సర్. ఆ మాట ఆమె తిన్నగానే చెప్పింది, చెప్పి మా ఆవిడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, నీళ్లు తెప్పించింది.

తర్వాత రక్తపరీక్షలు, చంకల్లో గజ్జల్లో గడ్డలేమైనా ఉన్నాయా అని చెయ్యి పెట్టి వెతకడం, స్కాను. అవన్నీ బాగానే వచ్చాయి. మచ్చలు ఒంటి మీద ఎంత మేర ఉన్నాయో కొలవడం మాత్రం నాకు భలే నచ్చింది. వేళ్లతో సహా ఎవరి అరచేయి వాళ్లకు ఒంట్లో ఒక శాతం లెక్కట. నా చేత్తోనే నా మచ్చలు కొలిపించింది, బస్తాల లెక్క రాసినట్టు ఒకటి, రెండు, అర అని ఆమె రాసుకుంది. పద్నాలుగు వచ్చింది. పది దాటింది కాబట్టి స్టేజ్ 1బి. పదిలోపు అయితే 1ఏ.

కీమో పెడతారా అని అడిగాను. జబ్బు చర్మం దాటనప్పుడు ముందే గట్టి కీమో ఇచ్చినంత మాత్రాన మనిషి ఎక్కువ కాలం బతకడని ఎప్పుడో పరీక్షించి తేల్చారట, చర్మానికి మాత్రమే తగిలే వైద్యం చాలంది. దాని పేరు ప్యూవా. సొరాలెన్ అనే మందు, దాని మీద యూవీఏ అనే ఒక రకం అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) వెలుగు.

ఆమె చెప్పింది నాకు అర్థమైన తీరులో చెబుతాను. సొరాలెన్ బల్లపరుపుగా ఉండే చిన్న అణువు. మాత్ర వేసుకున్నాక రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి, కణాల లోపల రెండు పోగులతో నిచ్చెనలా ఉండే డీఎన్ఏ మెట్ల మధ్యలో దూరి కూర్చుంటుంది. ఊరికే కూర్చుంటుంది, ఏమీ చేయదు. మళ్లీ బయటికి పోతుంది కూడా. అది కూర్చుని ఉన్న టైములో యూవీఏ వెలుగు పడిందా, జిగురు పెట్టినట్టు రెండు పోగుల్నీ కలిపి పట్టేస్తుంది. పోగులు విడిపోలేవు, కణం రెండుగా చీలలేదు, చస్తుంది. టీ-కణాలు ఈ దెబ్బకు తొందరగా పడిపోతాయి. మందు ఒక్కటే ఉంటే పని జరగదు, ఆ కాస్త వెలుగు ఒక్కటే పడినా జరగదు. యూవీబీ అని ఇంకో రకం వెలుగు ఉంది, దానికి మాత్రే అక్కర్లేదు, కానీ అది చర్మంలో పైపైనే ఆగిపోతుంది, నా మచ్చలు కొన్ని దళసరి కట్టాయి కాబట్టి లోపలికి దిగే యూవీఏ కావాలంది.

సొరాలెన్ అంటే ఏదో విదేశీ మందనుకున్నాను. "బావంచాలు తెలుసా మీకు?" అని అడిగింది డాక్టరమ్మ. తెలియకపోవడమేమిటి, మా నాయనమ్మ బొల్లి వచ్చినవాళ్లకు బావంచాల గింజలు నూరి ఇచ్చి, పూసుకుని పొద్దుటెండలో కూర్చోమనేది. ఎందుకు కూర్చోవాలో ఆమెకూ తెలియదు, కూర్చోకపోతే మందు పనిచేయదని మాత్రం తెలుసు. ఆ గింజల్లో ఉండేది సొరాలెనే. అట్టాగే ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే ఒక మొక్కనీ బొల్లికి వాడేవాళ్లట, దానిలోంచి తీసిన మందుతో కైరోలో ఎల్ మోఫ్టీ అనే డాక్టరు 1940ల చివర్లో వైద్యం చేసి రాశాడు. 1974లో బోస్టన్‌లో మాత్రకు తోడు యూవీఏ ట్యూబులైట్ల పెట్టె చేర్చి సోరియాసిస్‌కి వాడారు, ఇంకో రెండేళ్లకు నా జబ్బుకు వాడారు.

మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష, కళ్ల పరీక్ష. కళ్లు ఎందుకంటే మాత్ర కంటి లెన్సులోకి కూడా చేరుతుంది, అక్కడ వెలుగు పడితే అది అక్కడే అతుక్కుని శుక్లాలు రావచ్చు. అందుకని మాత్ర మింగినప్పటి నుంచి మర్నాడు అదే టైము దాకా యూవీని ఆపే కళ్లజోడు పెట్టుకునే ఉండాలి, ఇంట్లో కిటికీ దగ్గర కూర్చున్నా సరే. మండీలో నన్ను నెల రోజుల పాటు "హీరో" అని పిలిచారు.

వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర. వరసగా రెండు రోజులు చేయరు. ఎందుకో చివరికి నా చేతులే నాకు చెప్పాయి, ఆ కథకు వస్తాను. నా బరువు 66 కిలోలు, దాన్ని బట్టి పది మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. పొద్దున తొమ్మిదికి రెండు ఇడ్లీలు తిని వేసుకోవాలి, సరిగ్గా రెండు గంటల తర్వాత, అంటే పదకొండుకి పెట్టెలో ఉండాలి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, నిండా తిని వేసుకుంటే మందు ఆలస్యంగా ఎక్కుతుంది. మొదటి వారం తిన్నా కూడా వికారమే, బస్సు నెల్లూరు చేరేలోపు రెండుసార్లు నోట్లో నీళ్లు ఊరాయి. మా ఆవిడ అల్లం ముక్క బెల్లం ముక్క కలిపి కాగితంలో కట్టి ఇచ్చింది, దానితోనే నెట్టుకొచ్చాను.

ఇక ఆ పెట్టె. నిలువెత్తు బీరువా అనుకోండి, లోపల గోడలన్నీ ట్యూబులైట్లే. ముఖానికి మచ్చలు లేవు కాబట్టి ముఖం కప్పుకోవాలి, కళ్లకు నల్ల గాగుల్స్, మర్మాంగాలు తప్పనిసరిగా కప్పాలి, అక్కడ ఈ వెలుగు పడితే తర్వాత వేరే క్యాన్సర్ రావచ్చని తేలిందట. చిక్కేమిటంటే నా మచ్చల్లో ఎక్కువ పిరుదుల మీదే. డ్రాయరు వేసుకుంటే మచ్చలు మూతపడతాయి, విప్పితే కప్పాల్సింది బయటపడుతుంది. మిషను చూసే కుర్రాడు కాసేపు తల గోక్కుని, "బాబాయ్, మీకు గోచీ పెట్టుకోవడం వచ్చా?" అన్నాడు. రాకపోవడమేంది, మా తాత పెట్టుకునే అరక దున్నాడు. మా ఆవిడ పాత నల్లగుడ్డ నాలుగు మడతలేసి కుట్టి ఇచ్చింది. ఆ గోచీ కట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, నల్ల గాగుల్స్‌తో బీరువాలో నిలబడ్డ నా అవతారాన్ని ఫోటో తీసిపెట్టమంటే ఆ కుర్రాడు తీయలేదు, ఆసుపత్రి రూలంట.

మొదటి రోజు మూడు నిమిషాలు కూడా లేదు. ఫ్యాను మోత, నీలంగా వెలుగు, పొద్దుటెండంత వెచ్చదనం, అంతే. ఏమీ కాలేదే అనుకుంటూ బయటికొచ్చాను. ప్రతిసారీ కాస్త కాస్త పెంచుకుంటూ పోయి చివరికి పన్నెండు నిమిషాల దాకా తెచ్చారు. ఎన్ని జౌల్స్ (వెలుగు మోతాదుకు కొలత) ఇచ్చిందీ కార్డు మీద తేదీ వేసి రాస్తారు, ఆ కార్డు పోగొట్టుకోవద్దని డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది, ఎందుకంటే మొత్తం లెక్క పెరిగేకొద్దీ చర్మానికి మామూలు క్యాన్సర్లు వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. తెల్లతోలు వాళ్లలో అది ఎక్కువట, అయినా లెక్క లెక్కే అంది. గుమాస్తాకి ఆ మాట కొత్త కాదు.

నాకు ఎవరూ గట్టిగా చెప్పనిది, లేదా చెప్పినా నేను చెవిన పెట్టనిది ఒకటుంది. ఈ వైద్యంలో పెట్టెలో ఉండే నిమిషాలు అసలు లెక్కే కాదు. మాత్ర మింగినప్పటి నుంచి మర్నాటి దాకా మందు మీ ఒంట్లోనే ఉంటుంది, దానికి ఏది పెట్టె వెలుగో ఏది సూర్యుడి వెలుగో తెలియదు. పెట్టెలో నిమిషాలు లెక్కపెట్టి ఇస్తారు, సూర్యుడు లెక్కపెట్టి ఇవ్వడు కదా. ఆ ఒక్క రోజు ఎండలోకి వెళ్లకుండా ఉండటమే వైద్యం. నెల్లూరు జిల్లాలో, మార్చి నెలలో, నిమ్మకాయకు రేటు పలికే సీజన్లో.

పదకొండో సిట్టింగు నాడు మండీ నుంచి ఫోను వచ్చింది, ఢిల్లీ లోడు, కాయ ఏరేదాని దగ్గర తకరారు, నువ్వొస్తే గానీ తెగదని. బస్సు కోసం ఆగకుండా తెలిసినతని బండి వెనక ఎక్కి మిట్టమధ్యాహ్నం పొదలకూరు వచ్చేశాను. కళ్లజోడు ఉంది, తలకు తువ్వాలు ఉంది, పొడుగు చేతుల చొక్కా మడిచి ఉంది. రేకుల షెడ్డు బయట కుప్ప మీద కూర్చుని అరగంట కాయలు ఏరి చూపించాను, దెబ్బ తిన్న కాయ ఎంత ఉందో పిసికి మరీ చూపించాను.

ఆ రాత్రి ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు, కాస్త ఎర్రబడ్డాయి, అంతే. మూడో రోజు పొద్దున లేచేసరికి రెండు చేతుల వెనక భాగం, ముంజేతుల దాకా, మరిగే నూనె పోసినట్టు బొబ్బలు. మామూలు ఎండదెబ్బ సాయంత్రానికే తెలుస్తుంది, ఇది అట్టా కాదు, మూడు నాలుగు రోజులకు పూర్తిగా పైకి వస్తుంది. వరసగా రెండు రోజులు వెలుగు పెట్టకపోవడానికి కారణం ఇదే, మొన్నటి దెబ్బ ఇంకా పైకి రాకముందే ఇంకొక దెబ్బ వేసినట్టవుతుంది.

డాక్టరమ్మ నా చేతులు చూసి ముందు తిట్టింది. తర్వాత "ఏం పని చేశారు ఆ రోజు?" అని అడిగి, నిమ్మకాయలనగానే తల పట్టుకుంది. నిమ్మతొక్క నూనెలో కూడా సొరాలెన్ కుటుంబం మందే ఉంటుందట, బెర్గాప్టెన్ అని. అంటే లోపల నుంచి మాత్ర, బయట నుంచి నిమ్మ, పైన మార్చి ఎండ. "మీరు చేసింది రెట్టింపు ప్యూవా సార్, అదీ లెక్క లేకుండా" అంది. నాకు ఒక్కసారిగా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చాయి. ఎండాకాలం వాళ్ల చేతుల మీద నల్లటి చారికలు, రసం కారిన దారిలోనే మచ్చలు. ముళ్లు గీరాయనుకునేవాళ్లం ఇన్నాళ్లూ. మూడు దశాబ్దాలుగా మందుల గుట్ట పక్కన కూర్చుని లెక్కలు రాసుకుంటున్నానన్నమాట.

మూడు వారాలు సిట్టింగులు ఆపేశారు. చేతులకు కట్లు, మా ఆవిడే అన్నం కలిపి పెట్టేది. ఇంట్లోకి నిమ్మకాయ రావడం ఆ రోజుతో బంద్, పులిహోర చింతపండుతోనే. నిమ్మకాయ, అంజూరం లాంటివి ఈ మాత్ర వాడినన్నాళ్లు తినడం కూడా తగ్గించమన్నారు లెండి, కానీ మా ఆవిడ తగ్గించడం అనే మాట వినలేదు, ఎదురింటి వాళ్లు ఇచ్చిన ఊరగాయ జాడీ కూడా తిప్పి పంపింది.

ఆ మూడు వారాల్లో మా అమ్మాయి ఫోనులో చదివి వినిపించేది. ఇట్టా వెలుగుతో మందును లేపే పద్ధతి ఇంకోటి ఉందట, అందులో మందు డీఎన్ఏని పట్టదు, వెలుగు పడగానే పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి దానితో కణాన్ని తగలబెడుతుంది. 1900లో మ్యూనిక్‌లో ఆస్కర్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులు చీకట్లో బతికి, వెలుగులో చస్తున్నాయని గమనించడంతో అది మొదలైంది. అన్నవాహిక క్యాన్సర్‌కి ఆ పద్ధతిలో వాడే మందుకు అమెరికాలో 1995లో అనుమతి ఇచ్చారు. అదంతా సరే గానీ నాకు ధైర్యం ఇచ్చింది మేయర్-బెట్జ్ అనే జర్మన్ డాక్టరు కథ. 1912లో ఆయన అట్టాంటి మందే, హెమటోపోర్ఫిరిన్ 200 మిల్లీగ్రాములు తన నరంలోకి తానే ఎక్కించుకుని ఎండలోకి వెళ్లాడు. ముఖం గుర్తుపట్టలేనంత వాచిపోయి, రెండు నెలలకు పైగా ఎండంటే భయపడుతూ బతికాడు. డాక్టరే అట్టా చేస్తే గుమాస్తా ఎంత?

మా అల్లుడు ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్. చూడటానికి వచ్చి ఇంకో సంగతి చెప్పాడు. "మామయ్యా, మీ మాత్ర చుట్టమే ఒకటి రక్తం సంచుల్లో కూడా వేస్తారు" అన్నాడు. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడిలోనే ఉంచాలి కాబట్టి వాటిలో బ్యాక్టీరియా పెరిగే భయం ఎక్కువ. అమోటోసలెన్ అనే సొరాలెన్ కలిపి యూవీఏ వెలుగు పెడితే బ్యాక్టీరియా, వైరస్‌ల డీఎన్ఏ అతుక్కుపోయి అవి పెరగలేవు, ప్లేట్‌లెట్లకు డీఎన్ఏ ఉండే కేంద్రకమే అసలు లేదు కాబట్టి వాటి పని వాటికి సాగిపోతుంది. అమెరికాలో 2014లో దానికి అనుమతి వచ్చిందట. నా జబ్బే రక్తంలోకి దిగినవాళ్లకు రక్తం బయటికి తీసి, తెల్లకణాలకు సొరాలెన్, వెలుగు పట్టించి తిరిగి ఎక్కించే వైద్యం కూడా ఉంది, 1987లో ఎడెల్సన్ అనే అమెరికా డాక్టరు దాని ఫలితాలు ప్రచురించాడు. నాకు అంతదాకా రాకూడదని మా ఆవిడ పెంచలకోనకి మొక్కుకుంది.

మళ్లీ మొదలుపెట్టాక పద్ధతిగా ఉన్నాను. సిట్టింగు రోజున మండీ బంద్. వచ్చేటప్పుడు బస్సులో ఎండ పడని వైపు సీటే, అద్దం వేసి ఉందిలే అని కూర్చోవద్దు, మామూలు అద్దం యూవీఏని పెద్దగా ఆపదు. చేతులకు పాత సాక్సులు వేళ్ల దగ్గర కత్తిరించి తొడుక్కున్నాను.

వెయిటింగ్ హాల్లో నాతో పాటు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది బొల్లి వాళ్లు, సోరియాసిస్ వాళ్లు. ఒక తల్లీ కూతురూ ఆత్మకూరు వైపు నుంచి వచ్చేవాళ్లు. ఆ పిల్లకు తెల్లమచ్చల్లో రంగు రావడానికి ఈ మందు, నాకు పాడు కణాలు చావడానికీ ఈ మందే. ఆ తల్లి ఒకరోజు "అన్నా, మీకు ఎక్కడ బొల్లి?" అని అడిగింది. క్యాన్సర్ అని చెబితే పిల్ల భయపడుతుందని సోరియాసిస్ అని అబద్ధం చెప్పాను. తర్వాత అది నాకే నచ్చలేదు, అయినా దిద్దుకోలేదు.

ఇరవై సిట్టింగుల దగ్గర పలచటి మచ్చలు మాయమవడం మొదలైంది. ముందు దురద పోయింది, రాత్రి నిద్ర పట్టింది, అదే పెద్ద పండుగ. దళసరివి మొండికేశాయి, నలభై దాటాక గానీ లొంగలేదు. ఒళ్లు మాత్రం కాటుక పూసినట్టు నల్లబడింది, గోచీ కట్టిన చోట తప్ప. ఆరో నెలకు మళ్లీ నా అరచేత్తో కొలిచాం, పద్నాలుగు కాస్తా అర దగ్గరికి వచ్చింది. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరమ్మ అనలేదు, మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ చూద్దాం అంది. ఇప్పుడు వారానికి ఒకసారి చేస్తున్నారు, తర్వాత పదిహేను రోజులకు ఒకసారి, తర్వాత ఆపేస్తారు.

ఆ మిగిలిన అర ఎడమ తొడ లోపలి వైపు ఉంది, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. వచ్చే బుధవారం దాని ముక్క తీసి చూస్తామన్నారు. ఆ రోజే మండీలో లోడు ఉంది, ఈసారి ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్తాను.